మూడు చోట్ల మచ్చు

బెల్లం వ్యాపారంలో పుట్టి పెరిగినవాడు చేయగలిగిన అతి చెత్త బేరానికి ఎవరైనా పోటీ పెడితే మొదటి బహుమతి నాకే రావాలి. రెండో బహుమతికి కూడా నా దరిదాపుల్లో ఎవరూ కనబడరు. నూట ఎనభై ఇంగ్లీషు పాటల రికార్డులు, వాటిని ఆడించే యంత్రంతో సహా, ఒక్క పాటయినా వినకుండా, ముప్పై ఆరు వేలు పోసి కొన్నాను. పైగా ఎదుటి మనిషి యాభై అడిగితే ముప్పై ఆరుకు దించానని తిరుపతి వచ్చేదాకా డ్రైవరు పక్కన కూర్చుని మీసం దువ్వుకున్నాను.

అసలు నేను సూళ్లూరుపేటకు వెళ్ళింది టేకు బీరువా కోసం. అక్కడ రాకెట్ల కేంద్రంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఇల్లు ఖాళీ చేసి చెన్నైలో చిన్న ఫ్లాటుకు మారుతున్నారు. బీరువా నేను వెళ్ళేసరికే అమ్ముడుపోయింది. చేతులూపుకుంటూ వెనక్కి రావడం మా వంశంలో లేదు. నడవలో ఏడు అట్టపెట్టెలు కనబడ్డాయి. అవేమిటని అడిగాను. నలభై ఏళ్ళుగా కూడబెట్టిన రికార్డులనీ, ఫ్లాటులో చోటు లేదనీ, చెవులు కూడా సరిగా పనిచేయడం లేదనీ చెప్పారాయన. ఒక పెట్టె తెరిచి చూపించారు. అట్టల మీద వింత బొమ్మలు: గాలిలో తేలే కొండలు, చేప తల ఉన్న ఓడలు, ఎవరూ లేని మెట్లు.

"వీటిల్లో కొన్ని హార్డ్ రాక్, కొన్ని బ్లూస్, కొన్ని ప్రోగ్రెసివ్ రాక్. ప్రోగ్రెసివ్ వినేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి కొంటారు. అమ్మేట్టయితే విడదీసి అమ్ము బాబూ," అన్నారు.

ఆ మాటతో నా బుర్ర బేరం వైపు తిరిగింది. కలిపి ఉన్న సరుకు కొనడం, రకాలు విడదీయడం, మేలు రకం వేరే ధరకు అమ్మడం: మా ఇంట్లో మూడు తరాలుగా చేస్తున్నది ఇదే. చిత్తూరు మండీలో బెల్లం దిమ్మలతో చేసిన పని ఈ నల్ల పళ్ళేలతో చేయలేనా అనుకున్నాను. ఆయన బేరమాడలేదు. నేను అడిగినంతకు దిగుతూ పోయారు. ఆయనకు ఆ పెట్టెలు తన కళ్ళ ముందు నుంచి తొందరగా వెళ్ళిపోవాలని ఉంది. అది నా బేరం గొప్పతనమని అనుకున్నాను.

తిరుపతిలో మా ఇంటి మేడమీద ఒకే గది ఉంది. పెట్టెలన్నీ అందులో దించాను. అక్కడే నా అసలు తప్పు జరిగింది, ఎందుకంటే ఆ గది నాది కాదు.

నా భార్య జాకెట్లు కుడుతుంది. తిరుమలలో పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళు, వాళ్ళ చుట్టాలు, తిరుచానూరు లాడ్జీలలో దిగి ఆఖరి నిమిషంలో జాకెట్టు బిగుతైందని పరిగెత్తి వచ్చేవాళ్ళు, అందరికీ ఆమె పేరు తెలుసు. ఇన్నాళ్ళూ హాలులో, టీవీకీ భోజనాల బల్లకూ మధ్య ఒక మిషను పెట్టుకుని కుట్టింది. మేడమీద గది వేయించినప్పుడే అది ఆమె కుట్టుపనికని మాట. శ్రావణమాసంలో ముహూర్తాలు మొదలవుతాయి. రెండు మోటారు మిషన్లకు చెప్పి పెట్టింది, ఇద్దరు ఆడవాళ్ళను పనికి మాట్లాడింది, పెళ్ళివాళ్ళ దగ్గర గుడ్డలు కూడా తీసుకుంది. ఆ పరిస్థితిలో నేను ఏడు పెట్టెలతో మెట్లెక్కాను.

ఆమె అరవలేదు. అరిస్తే సర్దిచెప్పవచ్చు. పెట్టెలన్నీ చూసి, ఒక రికార్డు తీసి, అట్టమీద చేప తల ఓడను కాసేపు పరీక్షించింది.

"ఏం కొన్నారు మీరు?"

చెప్పాను. లాభం ఎంతొస్తుందో కూడా చెప్పాను.

"లాభం మీ ఇష్టం. శ్రావణం వచ్చేలోపల ఈ గది ఖాళీ కావల్ల. మిషన్లు వస్తే యాడ పెట్టేది, మీ నెత్తినా?"

అయిపోతుందన్నాను. ఆషాఢం ఇంకా మొదలు కాలేదు. రెండు వారాల్లో అమ్మేసి గది కడిగించి ఇస్తానని ధీమాగా చెప్పాను.

ఇక రకాలు విడదీయాలి. దానికి ముందు రకాలంటే ఏమిటో తెలియాలి. ఫోన్లో చదివాను. ఒకచోట హార్డ్ రాక్ అంటే గట్టిగా వాయించేది అని ఉంది. సైకడెలిక్ అంటే మత్తులో తేలినట్టుండేదట. జాజ్ కలిపిన రాక్ వేరే. ప్రోగ్రెసివ్ దగ్గరికి వచ్చేసరికి రాసినవాళ్ళు కొట్టుకుంటున్నారు. ఒకరు అది రాక్ సంగీతాన్ని పై మెట్టుకు తీసుకుపోయిందంటారు, ఇంకొకరు గొప్పలకు పోయిందంటారు. వాయించేవాళ్ళు మహా నేర్పరులని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. నాకు కావలసింది దొరికింది. ప్రోగ్రెసివ్ అంటే మేలు రకం, ఒకటో నంబరు సరుకు. మేలు రకాన్ని గుర్తుపట్టడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఎందుకు నేర్పనక్కర్లేదో చెప్పాలి. చిన్నప్పుడు చిత్తూరులో మా నాయన పక్కన కూర్చుని నేను నేర్చిన మొదటి విద్య మచ్చు చూడటం. బండి నిండా బెల్లం వస్తుంది. అంతా తిని చూడలేం కదా. ఒక దిమ్మ అంచు కొట్టి చిన్న ముక్క తీసి, వేళ్ళమధ్య నలిపి, నాలుకమీద వేసుకుని, బండి మొత్తానికి ధర చెబుతాం. ఆ ముక్కే మచ్చు. అయితే తెలివైన రైతులు పైన మంచి దిమ్మలు పేర్చి కింద నల్లవి దాస్తారు. అందుకని నాయన ఎప్పుడూ మూడు చోట్ల మచ్చు తీసేవాడు: పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి. మూడూ ఒకే రుచి, ఒకే రంగు, ఒకే గట్టితనం ఉంటే అది మేలు సరుకు. మూడూ మూడు రకాలుగా ఉంటే అది కలిపిన సరుకు. కలిపినదానికి ధర తగ్గించాల్సిందే, మొహమాటం లేదు. ఈ లెక్క నన్ను జీవితంలో ఎప్పుడూ మోసం చేయలేదు.

రికార్డులకు అదే పద్ధతి పెట్టాను. యంత్రానికి సూది అరిగిపోయి ఉంటే కొత్తది తెప్పించాను. రోజూ నా బెల్లం అంగడి మూసి వచ్చి, గదిలో పెట్టెల మధ్య పీట వేసుకుని, ఒక్కో రికార్డు పెట్టి, అంచు దగ్గర సూది దించి కాసేపు, ఎత్తి నడుమ దించి కాసేపు, మళ్ళీ ఎత్తి లేబులు దగ్గర దించి కాసేపు. మూడు మచ్చులు. మొదటి మచ్చులో గిటారు దడదడ, నడుమా అదే దడదడ, చివరా అదే దడదడ ఉంటే శభాష్, ఇది నికార్సైన సరుకు అని కుడివైపు పెట్టాను. కొన్నిటిలో అంచున ఎవరో వేణువు ఊదుతూ నెమ్మదిగా పాడుతున్నట్టుంటుంది, నడుమకు పోతే గుండెలు అదిరే డోళ్ళు, చివరికి పోతే చర్చిలో ఆర్గను. ఇదెక్కడి సరుకు? ఎక్కడెక్కడివో ముక్కలు తెచ్చి ఒక పళ్ళెంలో అతికినట్టుంది. ఎడమవైపు విసిరాను.

ఇంకో విశేషం గమనించి నా తెలివికి నేనే మురిసిపోయాను. రికార్డును వెలుతురులో వంచి చూస్తే ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య నున్నటి గీత కనిపిస్తుంది. మేలు సరుకులో ఒక వైపు ఐదారు పాటలు, గీతలు లెక్కగా ఉన్నాయి. ఎడమవైపు కుప్పలో కొన్నిటికి వైపు మొత్తానికి ఒక్క గీత కూడా లేదు, పాట ఎక్కడ ఆగుతుందో తెలియదు. గీతలు వేయడానికి కూడా పిసినారితనం చేసిన కంపెనీలని తేల్చాను.

చివరికి కుడివైపు నూట పది, ఎడమవైపు డెబ్బై తేలాయి. కుడి కుప్పమీద అట్టముక్క పెట్టి ప్రోగ్రెసివ్ అని ఇంగ్లీషులో రాశాను. ఎడమ కుప్పమీద ఏమీ రాయలేదు. ఫోటోలు తీసి పాత వస్తువులు అమ్ముకునే చోట ఫోన్లో పెట్టాను.

మూడు రోజులకు ఫోను వచ్చింది. వేలూరులో పళ్ళ డాక్టరట. ప్రోగ్రెసివ్ మాత్రమే సేకరిస్తాడట. కుటుంబంతో తిరుమలకు వస్తున్నాడు, దర్శనం చేసుకుని దిగేటప్పుడు చూసి పోతానన్నాడు. వచ్చాడు. కొత్తగా గుండు, నున్నగా చందనం. భార్యాపిల్లలు కింద కారులోనే ఉన్నారు. నన్ను అన్నా అంటూ, తెలుగులో సగం అరవం కలిపి మాట్లాడుతున్నాడు. మేడమీదికి తీసుకుపోయి కుడి కుప్ప చూపించాను.

ఒక్కో అట్టా తిప్పుతూ పోయాడు. ముఖంలో ఏమీ కనబడలేదు. అట్టముక్క చదివి ఒకసారి నా వైపు చూశాడు. "ఇవి నా దగ్గర ఉండాయన్నా," అన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఒకటో నంబరు సరుకుకు ఉన్న ఒక్క గిరాకీ జారిపోతున్నాడు. అప్పుడతను ఎడమ కుప్ప దగ్గరికి వెళ్ళి, కాలితో తోయకుండానే తోసినట్టుగా చూసి, అవేమిటని అడిగాడు.

నిజాయితీపరుణ్ణి కదా, ఉన్నదున్నట్టు చెప్పాను. అది కలిపిన సరుకనీ, ఒక్కోటి మూడు రకాలుగా ఉందనీ, కావాలంటే లాటుగా తీసుకోవచ్చనీ. అతను కాస్త దగ్గాడు. క్లినిక్కులో గోడమీద ఖాళీ ఉందని, వరుసగా పేర్చడానికి ఏవో కొన్ని కావాలని అన్నాడు. ఒక్కోటి నూరు రూపాయలన్నాడు. నేను నాలుగు వందలన్నాను. తర్వాత జరిగింది చూసేవాళ్ళుంటే టిక్కెట్టు పెట్టవచ్చు. అతను లేచి మెట్లదాకా వెళ్ళాడు, నేను పిలవలేదు. అతనే వెనక్కి వచ్చాడు. నేను నా కొనుబడి గురించి నాలుగు అబద్ధాలు చెప్పాను, అతను క్లినిక్కు అద్దె గురించి రెండు చెప్పాడు. రెండు వందల యాభైకి మాట పడింది. డెబ్బైకీ ఒకే ధర. చేయి కలిపాం. కారులో లగేజీ ఉంది కాబట్టి సగం తీసుకుని సగానికి డబ్బిచ్చాడు, మిగతావి వచ్చే ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు.

ఒకటో నంబరుది కాని సరుకును కొనుబడికన్నా ఎక్కువకు అంటగట్టానని కిందికి దిగి భార్యకు చెప్పాను. ఆమె ముక్కున వేలేసుకోలేదు, మిగతా కుప్పలు ఎప్పుడు పోతాయని అడిగింది.

నాకు తట్టాల్సిన సంగతి ఒకటుంది. అతను ఒక్క రికార్డు కూడా పెట్టి వినిపించమని అడగలేదు. మండీలో మచ్చు అడగకుండా కొనేవాడు ఇద్దరిలో ఒకడు: సరుకు తెలియని వెర్రివాడు, లేదా బండి దూరంగా ఉండగానే సరుకు పోల్చుకున్నవాడు. మొదటివాణ్ణి నేను పదేళ్ళుగా చూడలేదు. అయినా ఇతను మొదటివాడే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం నా భార్య టేపు పట్టుకుని మేడమీదికి వచ్చింది, మిషన్లు ఎక్కడ పట్టేదీ కొలుచుకోవడానికి. నేను అక్కడే ఉన్నాను. ఎడమ కుప్పలో మిగిలిన ఒక గీతల్లేని రికార్డు పెట్టి, సూది బాగానే ఉందా అని చూస్తున్నాను. అంచున సూది దించానో లేదో ఫోను మోగింది. గూడూరు నుంచి ఒక మిఠాయి అంగడి ఆయన. బెల్లం తడిగా వచ్చిందని పోట్లాట. సిగ్నలు కోసం బాల్కనీలోకి పోయాను, సూది ఎత్తడం మరిచిపోయాను. ఆయన పదిసార్లు చెప్పిందే చెప్పాడు, నేను పదకొండోసారి ఒప్పుకోలేదు. తిరిగి వచ్చేసరికి రికార్డు ఇంకా తిరుగుతోంది. నేను వెళ్ళేటప్పుడు విన్న గిటారు రాగమే వినబడుతోంది, అయితే అప్పుడు ఒంటరిగా, నెమ్మదిగా ఉన్నది ఇప్పుడు డోళ్ళతో, ఆర్గనుతో, నలుగురు గొంతు కలిపి పాడుతుండగా ఊరేగింపులా వచ్చింది.

"మళ్ళీ మొదట్నుంచి పెట్టినావా?" అన్నాను.

ఆమె నేలమీద సుద్దముక్కతో గీత గీస్తోంది. తల ఎత్తలేదు. "నేనేం ముట్టుకోలేదు. అదే పాట. మీరు పొయినప్పట్నుంచీ అదే."

"అంతసేపా? నడుమ వేరే పాటలు రాలేదా?"

"యాడ వచ్చినాయి? మెల్లంగా మొదలుపెట్టినారు. తర్వాత కొట్లాడినట్టు ఒకటి. కాలు ఆడిద్దామంటే లెక్క కుదర్లేదు, మిశ్రచాపు తాళం మాదిరి ఏడు దెబ్బలకు పొయింది. ఆమీట గమ్మునైపోయి గాలి శబ్దం. ఆమీట మొదటి పాట తిరిగి వచ్చింది. ఇప్పుడు ఇంకా పెద్దగా."

ఆమె చిన్నప్పుడు నాలుగేళ్ళు పాట నేర్చుకుంది. పెళ్ళిచూపుల్లో పాడింది కూడా. నేను అప్పుడూ కట్నం బేరంలో మునిగి సరిగా వినలేదు.

నేను కుడివైపు అట్టముక్కనూ, ఎడమవైపు బోడి కుప్పనూ చూశాను. మూడు మచ్చుల సిద్ధాంతం ఆమెకు వివరించాను, ఎక్కడ తప్పిందో ఆమె చెప్పకూడదని కోరుకుంటూ. చెప్పింది.

"విస్తట్లో ఈ పక్క ఊరగాయ, ఆ పక్క పాయసం, నడుమ పప్పు. మూడు చోట్ల ఏలు పెట్టి సూసి, కల్తీ అంటారా? మీరు సూసింది బెల్లం కాదు, భోజనం."

కింద మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. నేను మొదటిసారి ఒక రికార్డును మధ్యలో ఎత్తకుండా అంచు నుంచి లేబులు దాకా విన్నాను. తర్వాత ఇంకొకటి. ఎడమవైపు మిగిలిన ముప్పై ఐదూ ఆ వారం మొత్తం విన్నాను, కుడివైపువి కూడా కొన్ని. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు, మచ్చు చూసే అలవాటు వదులుకుంటే చాలు.

హార్డ్ రాక్ నగరి మరమగ్గం లాంటిది. ఒక దెబ్బ పట్టుకుంటుంది, దాన్నే బిగిస్తూ పోతుంది, ఆ బిగువులోనే దాని సత్తువ. మధ్యలో ఎక్కడ చెవి పెట్టినా అదే బట్ట. అందులో తక్కువేమీ లేదు, నాకే ఒక్కోసారి దానికి తల ఊగింది. సైకడెలిక్ సాంబ్రాణి పొగ. బాగుంటుంది, ఎటు పోతుందో వాయించేవాళ్ళకూ పట్టదు. జాజ్ కలిపినదాంట్లో ఒక్కొక్కరూ వంతులవారీగా తమ విద్య చూపిస్తారు, రేపు ఇదే పాట వాయిస్తే వేరేగా ఉంటుందని వింటుంటేనే తెలుస్తుంది. ప్రోగ్రెసివ్‌లో మాత్రం ముందే గీసుకున్న నక్షా ఉంది. పొడుగు ఒక్కటే దాని గుర్తు కాదు. పొడుగ్గా సాగదీసినవి మిగతా రకాల్లోనూ దొరికాయి. ఇందులో ప్రతి మలుపూ ముందున్నదాన్ని మనసులో పెట్టుకుని తిరుగుతుంది. మొదట విన్న చిన్న రాగం ఎక్కడో తాళం మార్చుకుని, వాయిద్యం మార్చుకుని ఎదురొస్తుంది. మా వైపు భారతం ఉత్సవాల్లో హరికథ చెప్పేవాళ్ళు పద్యం నుంచి వచనానికి, వచనం నుంచి పాటకు దూకుతారు, మధ్యలో నవ్విస్తారు కూడా. ఎంత దూకినా కథ ఒక్కటే. ఇదీ అంతే. హరికథ చెప్పేవాణ్ణి నడుమ నుంచి వింటే వెర్రివాడనుకుంటాం.

అప్పుడు డబ్బు లెక్క గుర్తొచ్చింది. ఫోన్లో వెతికితే నేను రెండు వందల యాభైకి ఇచ్చినవాటిలో కొన్ని వేలల్లో పలుకుతున్నాయి. సగం వేలూరులో ఉన్నాయి. సగం నా ముందున్నాయి. ఆదివారం రాబోతోంది.

మాట పడింది నిజమే. కానీ సరుకు నా గదిలో ఉంది, డబ్బు సగమే వచ్చింది. ఎలుకలు కొట్టాయనవచ్చు. చుట్టం తీసుకుపోయాడనవచ్చు. మంచి గిరాకీ కోసం రెండు మూడు నెలలు ఆగితే మొత్తం బేరమే తిరగబడుతుంది. ఈ ఆలోచన రాత్రి భోజనం దగ్గర భార్య ముందు పెట్టాను, ఆమె కూడా వ్యాపారస్తుల ఇంటి పిల్లే కదా అని. రెండు మూడు నెలలంటే శ్రావణం దాటిపోతుందని ఆమె వేళ్ళు మడవకుండానే తేల్చింది. వస్తామన్న ఇద్దరు ఆడవాళ్ళు ఇంకొకచోట కుదురుకుంటారు. తీసుకున్న పెళ్ళి గుడ్డలు వెనక్కి ఇవ్వాలి. ఒకసారి గుడ్డ వెనక్కిచ్చిన ఇంటికి మళ్ళీ ఎవరూ రారు.

"మాట మీది. గది నాది. దేన్ని నిలబెడతారో మీరే సూసుకోండి," అంది. మజ్జిగ పోస్తూ, "రెండూ నిలబెట్టొచ్చు గూడా," అంది.

నిజం చెప్పాలంటే మాట గురించి నాకు ఆమె చెప్పనక్కర్లేదు. పైన మంచిదీ కింద నల్లదీ ఉందని తెలిసీ రైతు బండిని పైధరకు కొన్నవాళ్ళం మేం కాము. కానీ రైతు తన సరుకు విలువ తెలియక తక్కువ చెప్పినప్పుడు, గొంతు మారకుండా సరే అన్నవాళ్ళం. మచ్చు చూసుకున్నాక, చేయి కలిపాక, తెలియకపోవడం ఎవరిదైతే నష్టం వాళ్ళది. ఆ కట్టుబాటు మీద మా ఇల్లు నిలబడింది. అది ఒక్కసారి నా మీదికి తిరిగిందని మార్చుకుంటానా?

ఆదివారం అతను ఖాళీ కారుతో వచ్చాడు. జుట్టు కొద్దిగా మొలిచింది. మెట్లెక్కుతుండగానే వినబడేట్టు నేను ఆ గీతల్లేని రికార్డు పెట్టి ఉంచాను. గుమ్మంలో ఆగిపోయాడు. కుడి కుప్పమీద ప్రోగ్రెసివ్ అన్న అట్టముక్క లేదు. దాన్ని తీసి ఎడమ కుప్పమీద పెట్టాను.

నేను పీట చూపించాను. కూర్చున్నాడు. పాట ఏడు దెబ్బల దగ్గరికి వచ్చినప్పుడు అతని వేలు మోకాలిమీద సరిగ్గా లెక్క వేసింది, నాది తప్పింది. చివరి ఊరేగింపు అయిపోయి సూది లేబులు దగ్గర కొట్టుకోవడం మొదలయ్యాక అడిగాడు.

"ఎప్పుడు తెలిసిందన్నా?"

"నువ్వు పొయినాక రెండు దినాలకు. చెప్పింది నేను కాదు, మా ఇంటామె."

"నేను ఆ దినమే చెప్పాల్సింది."

"చెప్పింటే నువ్వు యాపారానికి పనికి రావు. పండ్లు పీక్కో."

నవ్వాడు. ధర ఇంకొంచెం పెంచుతానని జేబులో చేయి పెట్టాడు. వద్దన్నాను. మాట పడ్డాక పైన తీసుకుంటే అది ధర కాదు, దానమవుతుంది. ఆ క్షణంలో నన్ను నేను చాలా గొప్పవాణ్ణనుకున్నాను. అలా అనుకోవడానికి ఎంత ఖర్చయిందో కూడా నాకు తెలుసు. అతను ఒక్కో రికార్డునూ కారులో పెట్టుకుంటూ ఇది ఎక్కడ మెల్లగా మలుపు తిరుగుతుందో, అది ఎందుకు రెండో వైపు నుంచి వినకూడదో చెప్పుకుంటూ పోయాడు. క్లినిక్కులో అసలు ఖాళీ గోడే లేదట, అన్నీ కిటికీలేనట.

చివరి రికార్డు యంత్రంమీద ఉంది. దాన్ని తీయబోతుంటే అడ్డుపడ్డాను.

"అది నాకు అమ్ము."

"అన్నా, అది నీదే కదా."

"నాది అయిపోయింది. ఇప్పుడు నీది. ధర చెప్పు."

అతను రెండువేలన్నాడు. పది నిమిషాల కింద నా దగ్గర రెండు వందల యాభైకి కొన్నదాన్ని. నేను తొమ్మిది వందలన్నాను. ఈసారి నేను మెట్లదాకా వెళ్ళాను, అతను పిలవలేదు. సూది గీతను ఎత్తి చూపి, అట్ట మూల నలిగిందన్నాను. ఆ మూల నలిపింది నువ్వే కదా అన్నాడు అతను. పదహారు వందలకు తెగింది. నా బేరాలన్నిటిలో దీనిమీద నాకు గౌరవం ఉంది, ఎందుకంటే మొదటిసారి ఏం కొంటున్నానో తెలిసి కొన్నాను.

మిగిలింది కుడి కుప్ప, నూట పది. వాటికీ వినేవాళ్ళు ఉంటారు, నిదానంగా వెతికితే ఇంకా బాగా పలుకుతాయి. నిదానానికి సమయం లేదు. ఆషాఢం సగానికి వచ్చింది. యూనివర్సిటీ వైపు కొత్తగా పెట్టిన కాఫీ అంగడిలో రోజంతా రికార్డులు ఆడిస్తారని విని మచ్చుకు రెండు పట్టుకుపోయాను. అక్కడున్న కుర్రాళ్ళకు ఆ దడదడ బాగా పట్టింది. మొత్తం కుప్ప, ఒక్కోటి నూట ఇరవై. అక్కడ బేరమాడలేదు. మొదటి మాటకే సరే అంటే వాళ్ళే అనుమానంగా చూశారు.

శ్రావణం రాకముందే గది కడిగించాను. మిషన్లు వచ్చాయి. ఒకటి కిటికీ దగ్గర, ఒకటి గోడవైపు, పాతది ఆమె కూర్చునే మూల. యంత్రాన్ని అమ్మేయబోతే అలమరలో ఒక అర ఖాళీ చేసి దాన్నక్కడ పెట్టమంది. మధ్యాహ్నం పనివాళ్ళు భోజనానికి వెళ్ళినప్పుడు ఆ ఒక్క రికార్డూ మోగుతుంది. ఏడు దెబ్బల దగ్గర ఆమె కాలు మిషను తొక్కడం ఆపి, అది దాటాక మళ్ళీ తొక్కుతుంది. కుట్టు వంకర పోతుందట.

ఇక లెక్క. రికార్డులు, యంత్రం కొన్నది ముప్పై ఆరు వేలు. సూళ్లూరుపేట నుంచి టెంపో మూడువేల ఐదు వందలు. కొత్త సూది పద్దెనిమిది వందలు. నా సరుకే నేను తిరిగి కొన్నది పదహారు వందలు. ఖర్చు నలభై రెండువేల తొమ్మిది వందలు. వేలూరు డాక్టరు ఇచ్చింది పదిహేడువేల ఐదు వందలు, కాఫీ అంగడి ఇచ్చింది పదమూడువేల రెండు వందలు, రాబడి ముప్పైవేల ఏడు వందలు. వినడం వచ్చింది కదా, దాన్ని జమలో రాసుకోమని స్నేహితులు అంటారు. అమ్మడానికి వీల్లేనిదానికి ధర కట్టి జమ రాయడం దొంగ లెక్క. గది నా భార్యది, దాని అద్దె కూడా నేను ఆమెకు ఇవ్వలేదు, ఆమె అడగలేదు కాబట్టి రాయడం లేదు. నికరంగా పోయింది పన్నెండువేల రెండు వందలు.